వాల్వ్‌మ్యాన్ రిటైరయ్యేలోపు: ఒక చిన్న మున్సిపాలిటీలో ఆస్తుల లెక్క

గుంటూరు చుట్టుపక్కల ఏ చిన్న మున్సిపాలిటీకి వెళ్లి అసెట్ మేనేజ్‌మెంట్ ప్లాన్ (పైపులు, పంపులు, రోడ్లలాంటి ఆస్తుల్ని ఎలా నడపాలో, ఎప్పుడు మార్చాలో రాసుకునే ప్రణాళిక) అన్నా, ఇంజినీరింగ్ సెక్షన్‌లో మొదట వినిపించే మాట ఒకటే: "అవన్నీ కార్పొరేషన్లకండీ. మాకు మోటారు కాలిపోకుండా ఉంటే చాలు." పని ఎక్కడ మొదలుపెట్టాలో ఆ మాటలోనే ఉంది. మోటారు కాలకుండా ఉండాలంటే ఇప్పటిదాకా అది ఎన్నిసార్లు కాలిందో తెలియాలి. నేను చూసిన చోట్ల ఆ సంగతి ఒక్కచోట రాసి ఉండదు. కాలిన మోటారుకు తీగ మళ్లీ చుట్టించిన (రీవైండింగ్) బిల్లులు అకౌంట్స్ సెక్షన్‌లో, ఎం.బుక్కులు (చేసిన పని కొలతలు రాసే పుస్తకాలు) ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) బీరువాలో, అసలు కథ పంప్‌హౌస్ ఆపరేటర్ నోట్లో ఉంటాయి.

ఈ కేసు కృష్ణా పశ్చిమ డెల్టాలోని ఒక పట్టణానిది. పేరు రాయడం లేదు. జనాభా లక్షలోపు. కాలువ నీళ్లే ఆధారం. ఎండాకాలంలో కాలువ కట్టేస్తే సమ్మర్ స్టోరేజీ ట్యాంకులో, అంటే ఊరి మంచినీళ్ల చెరువులో, నింపుకున్న నీళ్లే ఊరికి దిక్కు. అక్కడి నుంచి ఫిల్టర్ బెడ్లు, ఓవర్‌హెడ్ ట్యాంకులు, వాటి కింద వీధి పైపులు. పాతవి ఏసీ పైపులు, అంటే ఆస్బెస్టాస్ సిమెంటువి. తర్వాత పీవీసీ వచ్చింది. ఈ మధ్య పథకాల్లో వేసినవి హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్), డీఐ (డక్టైల్ ఐరన్, అంటే ఇనుపవి). ఇవన్నీ చూసుకోవడానికి ఒక మున్సిపల్ ఇంజినీరు, ఒక ఏఈ, వర్క్ ఇన్‌స్పెక్టర్లు, కొందరు ఫిట్టర్లు ఉన్నారు. ఏఈకి ఎలక్షన్ డ్యూటీ పడితే ఆ నెల పైపుల సంగతి అడిగేవాడుండడు.

నేను గుంటూరులో ఉంటూ ఇలాంటి మున్సిపాలిటీలకు ఇంజినీరింగ్ సలహాలిస్తుంటాను. కమిషనర్ మేడం నన్ను పిలిపించింది ప్లాన్ కోసం కాదు. ఊరి పైపులన్నీ తలకాయలో పెట్టుకున్న ఒక వాల్వ్‌మ్యాన్, అంటే వాల్వులు తిప్పి వీధులకు నీళ్లు వదిలే ఆయన, ఏడాదిలో రిటైరవుతున్నాడు. ఆయన వెళ్లాక ఏ వీధికి నీళ్లు ఎక్కడ ఆపాలో ఎవరికీ తెలియదన్నదే ఆవిడ టెన్షన్.

ఆ టెన్షన్ ఊరికే పుట్టింది కాదు. 2018 మార్చిలో గుంటూరు తూర్పు వైపు పేటల్లో అతిసారం ప్రబలి పదిమందికి పైగా చనిపోయారు. తాగే నీళ్లు కలుషితం కావడమే కారణమని తేలింది. ఇలాంటివి ఎలా జరుగుతాయో ఫీల్డులో ఉన్నవాళ్లందరికీ తెలుసు. మన ఊళ్లలో పైపులో నీళ్లు రోజంతా ఉండవు. పొద్దున గంట, సాయంత్రం గంట వదులుతారు. మిగతా సమయమంతా పైపు ఖాళీ. వదలడం ఆపగానే పల్లపు కుళాయిల గుండా ఉన్న నీరంతా దిగిపోతుంది, లోపల ఒత్తిడి బయటి కంటే తక్కువవుతుంది. అప్పుడు పైపుకు ఎక్కడ చిన్న చిల్లున్నా చుట్టూ ఉన్నది లోపలికి పీల్చుకుంటుంది. చుట్టూ ఉన్నది డ్రెయిన్ నీరైతే మర్నాడు పొద్దున మొదటి బిందెలోకి వచ్చేది అదే. వీధి పైపు కంటే ఎక్కువ ప్రమాదం ఇంటి కనెక్షన్ పైపుతోనే. రోడ్డుకు అవతల పైపు, ఇవతల ఇల్లు, మధ్యలో మురుగు కాలవ. తవ్వడం ఎందుకని కనెక్షన్ పైపును కాలవలోంచే లాగేస్తారు. జీఐ పైపైతే, అంటే జింకు పూత పూసిన ఇనుప పైపైతే, ఆ మురుగులో కొన్నేళ్లకే తుప్పు పట్టి సన్నని రంధ్రాలు పడతాయి.

అందుకని మేం రోడ్లతో మొదలుపెట్టలేదు. నిజానికి ఏ ఊళ్లోనైనా ఆస్తుల జాబితా అంటే ముందు రోడ్లే వస్తాయి, కళ్ల ముందు ఉంటాయి కాబట్టి. రోడ్డు గుంతపడితే కౌన్సిలర్‌కు ఫోన్ వస్తుంది, ఆయన చూసుకుంటాడు. నేల కింద ఉన్నదాని తరఫున ఫోన్ చేసేవాళ్లుండరు.

అయిదు ప్రశ్నలు

ఈ పద్ధతి మన దగ్గర పుట్టింది కాదు. న్యూజీలాండ్‌లో 1996 చట్ట సవరణతో స్థానిక సంస్థలన్నీ దీర్ఘకాల ఆర్థిక ప్రణాళిక వేసుకోక తప్పలేదు. ఆస్తుల నిర్వహణ అక్కడే ఒక శాస్త్రంలా పెరిగింది. 2014లో దీనికి అంతర్జాతీయంగా ఐఎస్‌ఓ 55000 ప్రమాణాలు వచ్చాయి. కెనడాలోని ఒంటారియో రాష్ట్రం 2017లో 588/17 నియమం తెచ్చింది. రోడ్లు, వంతెనలు, నీరు, మురుగు, వాననీటి ఆస్తులకు 2022 జులై 1లోపు ప్రతి మున్సిపాలిటీ, ఎంత చిన్నదైనా సరే, ప్లాన్ వేసుకోవాలన్నది. ఆ పత్రాలు చదివి మన మున్సిపాలిటీకి యథాతథంగా దించితే మిగిలేది బైండింగ్ చేసిన పుస్తకమే. నేను వాటిలోంచి తీసుకున్నవి అయిదు ప్రశ్నలు. మన దగ్గర ఏముంది, ఎలా ఉంది? జనానికి ఏ మాత్రం సేవ ఇస్తామని మాటిస్తున్నాం? ఏది పోతే ఎక్కువ దెబ్బ? తక్కువ ఖర్చులో ఎక్కువ కాలం నడపాలంటే ఏం చేయాలి? ఆ డబ్బు ఎక్కడిది?

మన దగ్గర ఏమీ లేదని కాదు. 2004లో వచ్చిన జాతీయ మున్సిపల్ అకౌంట్స్ మాన్యువల్ ప్రకారం స్థిరాస్తుల రిజిస్టర్ ఉండి తీరాలి. ఈ ఊళ్లోనూ ఉంది. కాకపోతే అది ఆడిట్ కోసం రాసింది. ఎంతకు కొన్నారో తెలియని ఆస్తిని నామమాత్రంగా ఒక్క రూపాయి విలువతో రాసుకోవచ్చని ఆ మాన్యువల్ చెబుతుంది. దాంతో ఊరి పాత పైపులైన్లలో కొన్ని పుస్తకంలో రూపాయి చేస్తున్నాయి. అవే పైపులు కొత్తవి వేయాలంటే కోట్లు కావాలి. అకౌంటెంట్ చేసిందాంట్లో తప్పేం లేదు. ఆయన అడిగే ప్రశ్న వేరు, ఇంజినీరు అడగాల్సింది వేరు. ఆ రిజిస్టర్‌ను మేం ముట్టుకోలేదు. పక్కన ఒక ఎక్సెల్ షీటు తెరిచాం.

సాఫ్ట్‌వేర్ కొనమని చెప్పినవాళ్లున్నారు. అంతకుముందే ఒక పథకంలో ఊరి మ్యాపంతా తయారుచేసి సీడీలో ఇచ్చి వెళ్లారు. దాన్ని తెరిచే ప్రోగ్రాం ఆఫీసులో ఏ కంప్యూటర్‌లోనూ లేదు. సీడీ మాత్రం భద్రంగా ఫైలులో ట్యాగు కట్టి ఉంది.

తారు కింద వాల్వులు

వార్డు సచివాలయాలు 2019 అక్టోబరులో వచ్చాక చిన్న మున్సిపాలిటీలకు ఒక మేలు జరిగింది. ప్రతి సచివాలయంలో ఎమినిటీస్ సెక్రటరీ అని ఇంజినీరింగ్ చదివిన కుర్రాడో అమ్మాయో ఉన్నారు. సర్వే వాళ్లతోనే చేయించాం. పొద్దున నీళ్లు వదిలే వేళకు వాల్వ్‌మ్యాన్‌తో కలిసి నడవాలి. వాల్వు కనపడగానే ఫోన్‌లో లొకేషన్‌తో ఫొటో తీయాలి, సైజు రాయాలి, ఏ వీధులకు వెళ్తుందో ఆయన చెప్పింది చెప్పినట్టు రాయాలి. ఆఫీసు తెలుగులోకి మార్చొద్దని చెప్పాను. "రామాలయం వెనక సందుకి నీళ్లెక్కవు, దీన్ని సగం కట్టి దాన్ని పూర్తిగా తెరవాలి" అన్న వాక్యాన్ని ఇంగ్లీషు కాలమ్‌లో ఇరికిస్తే అందులో ఉన్న జ్ఞానం అక్కడే ఆవిరైపోతుంది.

ఒకరోజు నేనూ ఏఈ కూడా వెంట వెళ్లాం. ఒక కిరాణా కొట్టు అరుగు దగ్గర వాల్వ్‌మ్యాన్ ఆగాడు. కరెంటు స్తంభం వైపు కొన్ని అడుగులు వేసి గునపంతో రోడ్డు మీద తట్టుకుంటూ పోయాడు. ఒకచోట మోత మారింది. పెచ్చు లేపితే వరసగా వేసిన తారు పొరల కింద చాంబర్ మూత కనపడింది. రోడ్డు వేసినప్పుడల్లా కాంట్రాక్టర్ చాంబర్ ఎత్తు పెంచాలి. ఎస్టిమేట్‌లో ఆ ఐటమ్ ఉంటుంది కూడా. రోలర్ తొక్కేశాక ఎవరు చూడొచ్చారు?

"ఇది ఎడమకి తిప్పితే మూసుకుంటుంది సార్," అన్నాడాయన. "ఊళ్లో మిగతావన్నీ కుడికి. తెలియనోళ్లు దీన్ని కట్టేశామనుకుని ఇంకా తెరిచి పోతారు."

"ఇది ఎక్కడా రాయలేదు కదా బాబాయ్?" అన్నాడు ఏఈ.

"నాకు తెలుసు కదయ్యా."

వాల్వు తిప్పే కడ్డీకి (స్పిండిల్‌కు) తాళం తగిలించి తిప్పుతూ చుట్లు లెక్కపెట్టాం. 150 ఎంఎం స్లూయిస్ వాల్వు పూర్తిగా మూసుకోవాలంటే సుమారు ఇరవై చుట్లు పడుతుంది. అంగుళాల్లో సైజును మూడుతో హెచ్చించి రెండో మూడో కలుపుకుంటే ఏ వాల్వుకైనా దాదాపుగా ఆ లెక్క వస్తుంది. ఇది పద్నాలుగు దగ్గరే బిగుసుకుపోయింది. అంటే కింద రాయో మట్టో చేరి గేటు పూర్తిగా దిగడం లేదు. పైన మూసేశామనుకుంటారు, కింద నీరు పోతూనే ఉంటుంది. లీకేజీ రిపేరుకు గొయ్యి తవ్వినప్పుడల్లా నీళ్లలోనే నిలబడి పనిచేయాల్సి వస్తోందని ఫిట్టర్లు ఎందుకు గొణుగుతున్నారో అప్పుడు తెలిసింది. ఆ రోజు నుంచి సర్వే ఫారంలో రెండు కాలమ్‌లు పెరిగాయి: ఎటు తిప్పాలి, ఎన్ని చుట్లు.

పరిస్థితికి మార్కులు వేయడంలో బయటి పుస్తకాలు ఒకటి నుంచి అయిదు దాకా వేయమంటాయి. మనవాళ్లకు అయిదిస్తే అందరూ మూడే వేస్తారు. మూడు వేస్తే ఎవరూ తిట్టరు. అందుకని నాలుగే పెట్టాం, అదీ మాటల్లో: బాగుంది, పర్వాలేదు, బాగోలేదు, ఎప్పుడైనా పోవచ్చు. నడిమధ్య గడి లేకపోయేసరికి ఏదో ఒకవైపు మొగ్గక తప్పలేదు. నేల కింద పైపును కళ్లతో చూడలేం కాబట్టి దానికి వేరే దారి పట్టాం. గత మూడేళ్ల లీకేజీ బిల్లులు తీసి ఏ వీధిలో ఎన్నిసార్లు తవ్వారో మ్యాపు మీద ఎర్రచుక్కలు పెట్టాం. చుక్కలు ఊరంతా పరుచుకుంటాయనుకున్నారు. అలా కాలేదు. బస్టాండు నుంచి మార్కెట్‌కు వెళ్లే ఏసీ లైను మీద, బరువు లారీలు తిరిగే చోట, గుంపుగా పడ్డాయి. అంతే పాతదైన ఏసీ లైను ఇంకో పేటలో ఉంది. దాని మీద చుక్కలే లేవు. వయసు చూసి పైపు మార్చాలనే ఆలోచన అక్కడితో పోయింది.

ఇక ఏది పోతే ఎక్కువ దెబ్బ అన్న ప్రశ్నకు అందరికంటే ముందు జవాబిచ్చింది కూడా ఆ వాల్వ్‌మ్యానే. ఆయన లెక్కలో మొదటిది పెద్ద మోటారు కాదు, ఓవర్‌హెడ్ ట్యాంకూ కాదు. ఒక పాత పేటలో పెద్ద డ్రెయిన్‌ను అడ్డంగా దాటే పైపు, దాని వెంట కాలవలోంచే వెళ్లే ఇంటి కనెక్షన్లు. ఆ పైపు పగిలినా నీళ్లు ఆగవు, అదే అసలు ప్రమాదం. మోటారు పోతే ఊరంతా గోల చేస్తుంది, రాత్రికల్లా బాగవుతుంది. ఈ పైపు చెడితే తెలిసేది ఆస్పత్రిలో. అందుకే మా పట్టికలో మొదటి వరస దానికే ఇచ్చాం.

నంబరు లేని బిల్లు పాస్ కాదు

సర్వే చేయడం కష్టమేం కాదు. సర్వే చేసిన ఏడాదికి అది బతికి ఉండటం కష్టం. జిల్లాల్లో ఎన్ని సర్వేలు చూడలేదు! ప్రతి పథకానికీ ముందు ఒకటి చేస్తారు. నిధులు రాగానే దాని పని అయిపోతుంది.

దీనికి మేం పెట్టుకున్న నియమం ఒక్కటే. నీటి సరఫరాకు సంబంధించిన ఏ మరమ్మతు బిల్లు మీదైనా ఆస్తి నంబరు ఉండాలి. లేకపోతే అకౌంట్స్ సెక్షన్ వెనక్కి పంపాలి. ప్రతి పంపుకు, వాల్వుకు, ట్యాంకుకు, పైపులైనులో రెండు వాల్వుల మధ్య ముక్కకు ఒక నంబరిచ్చాం. 'వా-3-17' అంటే మూడో జోన్‌లో పదిహేడో వాల్వు. దాన్ని దగ్గర్లోని గోడ మీద పెయింటుతో రాయించాం. గోడ ఓనర్లు ఇద్దరు ముగ్గురు గొడవపెట్టుకున్నారు, ఇంటి మీద మున్సిపాలిటీ నంబరేస్తే పన్ను పెంచుతారని.

మొదట్లో అకౌంటెంట్ ఒప్పుకోలేదు. "రూల్‌లో లేని కాలమ్ పెడితే రేపు ఆడిట్‌లో నన్నడుగుతారండీ" అన్నారు. న్యాయమైన భయమే. కమిషనర్ మేడం ఆఫీస్ ఆర్డర్ ఇచ్చారు, ఆయన ఊరటపడ్డారు. కాంట్రాక్టర్లు వేరే రకంగా అడ్డం తిరిగారు. వాళ్లకు అలవాటైన బిల్లులో "వివిధ వార్డుల్లో లీకేజీల మరమ్మతు" అని ఒకే పద్దు ఉంటుంది. దాన్ని నంబర్లవారీగా విడగొట్టమంటే ఎవరికైనా కష్టమే. ఒక నెల బిల్లులన్నీ ఆగిపోయాయి. వర్క్ ఇన్‌స్పెక్టర్ చేత ఫారం నింపించి ఎం.బుక్కుకు జతచేయాలని తేల్చాక గానీ పని కదల్లేదు. ఈ నెల రోజుల ప్రతిష్టంభనను మేడం కాచుకోకపోతే ప్లాన్ అక్కడే అటకెక్కేది.

ఆ తర్వాత షీటు దానంతటదే నిండటం మొదలైంది. సర్వేకు మళ్లీ ఎవరూ వెళ్లనక్కర్లేదు. డబ్బు ఖర్చయిన ప్రతిసారీ ఆస్తి చరిత్రలో ఒక వరస చేరుతుంది. అలా చేరిన వరసల్లోంచి పంప్‌హౌస్ సంగతి బయటపడింది. ఒకే మోటారు నంబరు మీద రీవైండింగ్, బేరింగులు, స్టార్టర్, మళ్లీ రీవైండింగ్. ఒక్కో బిల్లు చిన్నదే, కొటేషన్ల మీదే అయిపోతుంది, కౌన్సిల్ దాకా రాదు. ఒకచోట కూడితే కొత్త పంపుసెట్టు ఖరీదుకు దగ్గర్లో ఉంది.

రీవైండింగ్ ఖర్చు కంటే పెద్దది కరెంటు. ఆ లెక్క కౌన్సిల్‌కు చూపించడానికి బోర్డు మీద వేశాను. గంటకు 100 ఘనపు మీటర్ల నీటిని 40 మీటర్ల ఎత్తుకు ఎక్కించాలనుకుందాం. పంపు, మోటారు కలిపి 70 శాతం సామర్థ్యంతో ఉంటే సుమారు 15.6 కిలోవాట్లు లాగుతుంది. అరిగిపోయిన ఇంపెల్లరు (పంపు లోపల నీటిని నెట్టే చక్రం), మళ్లీ మళ్లీ చుట్టిన వైండింగు కలిసి సామర్థ్యం 50 శాతానికి పడితే అదే పనికి 21.8. రోజుకు 16 గంటల చొప్పున ఏడాదికి తేడా 36 వేల యూనిట్లు దాటుతుంది. యూనిట్ 7 రూపాయలనుకున్నా రెండున్నర లక్షలు. కేంద్ర ప్రభుత్వ తాగునీటి మాన్యువల్ పంపులకు 15 ఏళ్ల డిజైన్ కాలం ఇస్తుంది. తిరుగుతోంది కదా అని పాతికేళ్లు తిప్పితే ఆదా చేశామనుకున్నదంతా కరెంటు బిల్లులో పోతుంది. అయినా మారుస్తారా అంటే, కరెంటు బిల్లు ఒక పద్దు, కొత్త పంపు ఇంకో పద్దు. ఒకదాంట్లో మిగిలితే ఇంకోదానికి రాదు. ఆ రెండు అంకెలూ ఒకే కాగితం మీద పక్కపక్కన కనపడటం ఆ కౌన్సిల్‌కు అదే మొదటిసారి.

చెరువులో ఎన్ని రోజుల నీళ్లున్నాయి

డెల్టా ఊళ్లలో అన్నిటికంటే పెద్ద ఆస్తి సమ్మర్ స్టోరేజీ ట్యాంకే, అందరూ మరిచిపోయేదీ అదే. గట్టు మీద బోర్డులో కట్టిన నాటి సామర్థ్యం రాసి ఉంటుంది. ఏటా కాలువ నీళ్లతో వచ్చే ఒండ్రు అడుక్కి చేరుతూనే ఉంటుంది. పడవలో తాడు, బరువు పట్టుకుని గళ్లగళ్లుగా లోతు కొలిచాం. పెద్ద పరికరాలేం అక్కర్లేదు.

లెక్క ఇలా ఉంటుంది. 70 వేల జనాభాకు మనిషికి 135 లీటర్ల చొప్పున రోజుకు 94.5 లక్షల లీటర్లు కావాలి. 50 ఎకరాల చెరువులో ఒక అడుగు పూడిక చేరితే దాదాపు 6 కోట్ల లీటర్ల చోటు పోయినట్టు. అంటే ఆరు రోజుల నీళ్లు. రెండడుగులైతే పన్నెండు రోజులు. కాలువ మళ్లీ ఎప్పుడు వదులుతారో పైనున్న రిజర్వాయర్లను బట్టి ఉంటుంది, మన చేతిలో ఉండదు. జూన్‌లో ఆ పన్నెండు రోజులకు ట్యాంకర్లు తిప్పాల్సి వస్తే అయ్యే ఖర్చుతో పూడిక తీయొచ్చా అని కౌన్సిల్‌ను అడిగాం. పూడిక తీయాలంటే చెరువు ఎండాలి, చెరువు ఎండితే ఊరికి నీళ్లుండవు. అందుకని చెరువును మధ్యలో గట్టుతో రెండు భాగాలు చేసి ఒక్కోదాన్ని ఒక్కో ఏడాది శుభ్రం చేసే ప్రతిపాదన ప్లాన్‌లో పెట్టాం. ఖర్చెక్కువ. పైనుంచి నిధి వస్తే తప్ప మున్సిపాలిటీ సొంతంగా చేయలేదు.

వీధిదీపాలు, పార్కులు, కమ్యూనిటీ హాళ్ల గురించి ఒక్క పేజీయే రాశాం. వీధిదీపం ఆరితే మార్చడమే, దానికి ముందస్తు ప్లాన్ దండగ. పాడైతేనే చూద్దాం అనుకున్న ఆస్తుల జాబితా కూడా రాతపూర్వకంగా ఉండాలని నేను పట్టుబట్టాను. ఏది వదిలేస్తున్నామో రాసుకోకపోతే అన్నీ చూస్తున్నామన్న భ్రమలో ఉంటాం.

మనవి కాని ఆస్తులు

మురుగు కాలవల దగ్గర ఈ ప్లాన్ బలహీనంగానే ఉంది. కాలవకు వయసైపోయిందన్నది సమస్య కాదు. ఆక్రమణలు, ర్యాంపులు, ప్లాస్టిక్, వాటం లేకపోవడం. వాటికి మార్కులు వేసి షీటులో పెట్టినా ఒరిగేదేం లేదు. పైగా ఊరి కాలవలన్నీ చివరికి కలిసేది ఇరిగేషన్ వాళ్ల డ్రెయిన్‌లో. అక్కడ గుర్రపుడెక్క తీయకపోతే ఇక్కడ ఎంత బాగుచేసినా వానకు వీధులు మునుగుతాయి.

2024 సెప్టెంబరు 1న విజయవాడలో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్ చుట్టుపక్కల ప్రాంతాలన్నీ నీళ్లలో ఉండిపోయాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు ప్రవాహం. గండ్లు పడింది బుడమేరు డైవర్షన్ ఛానల్ కట్టలకు. అవి నగరపాలక సంస్థ ఆస్తుల జాబితాలో ఉండవు, జలవనరుల శాఖవి. మునిగినవి మాత్రం నగరపాలక సంస్థ డివిజన్లు. ఆ సంఘటన తర్వాత మా షీటులో 'మనవి కావు, కానీ పోతే మనం మునుగుతాం' అని ఒక భాగం చేర్చాం. నీళ్లు తీసుకునే కాలువ తూము, అవుట్‌ఫాల్ డ్రెయిన్, పంప్‌హౌస్‌కు కరెంటిచ్చే ఫీడరు, ఆర్ అండ్ బీ రోడ్డు కింది కల్వర్టులు అందులో ఉన్నాయి. ఒక్కోదానికి ఎదురుగా ఏ శాఖ, ఏ హోదా అధికారి, వానాకాలం ముందు ఎప్పుడు ఉత్తరం రాయాలి అని మూడు గడులు. మే నెలలో ఆ ఉత్తరాలు వెళ్తున్నాయి. జవాబులు అన్నిటికీ రావు, కానీ ఫైలులో ఉత్తరం ఉండటం వల్ల జూనియర్ ఇంజినీరైనా వచ్చి చూసి వెళ్తున్నాడు.

బడ్జెట్ సమావేశం

కౌన్సిల్ ముందు పెట్టింది రెండు పేజీలు. మొదటి పేజీలో మేం జనానికి ఇవ్వగలిగిన మాటలు మూడు. 2008లో కేంద్రం ప్రకటించిన సేవా ప్రమాణాల్లో రోజంతా నీళ్లు, మనిషికి 135 లీటర్లు, లెక్కకు రాని నీరు 20 శాతం లోపు అని ఉన్నాయి. ఈ ఊళ్లో ఇరవై నాలుగు గంటల నీళ్లని రాస్తే సభలో నవ్వుతారు. అందుకని చెప్పిన వేళకు నీళ్లు వదలడం, ఏ వీధి చివరి కుళాయిలోనైనా లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ తగ్గకుండా చూడటం, లీకేజీ చెప్పిన మర్నాటికి బాగుచేయడం. వీటిలో క్లోరిన్ అంకె తాగునీటి భారతీయ ప్రమాణంలోదే. మిగతా రెండూ ఊళ్లో కూర్చుని తేల్చుకున్నవి.

రెండో పేజీలో డబ్బు. అర్థం కావడానికి ఒక లెక్క చెప్పాను. 60 కిలోమీటర్ల పైపు, 60 ఏళ్ల ఆయుష్షు అనుకుంటే ఏటా ఒక కిలోమీటరు మార్చాలి. ఏటా 200 మీటర్లే మారుస్తుంటే మొత్తం మారడానికి 300 ఏళ్లు. సభ కాసేపు నిశ్శబ్దంగానే ఉంది. తర్వాత ఒక సీనియర్ కౌన్సిలర్ లేచి, "ఇంజినీరు గారూ, మీరు చెప్పింది బాగానే ఉంది. మా వార్డు పేరు ఎర్రచుక్కల్లో లేదు, అంటే మాకు పైసా రాదా?" అన్నారు. నేను ఎదురుచూసిన ప్రశ్నే. చుక్కలు లేవంటే మీ వీధిలో తవ్వకాలు లేవని, నీళ్లు సక్రమంగా వస్తున్నాయని అర్థం అన్నాను. ఆయన సంతృప్తి పడలేదు. ఆయన వార్డుకు ఒక సీసీ రోడ్డు ఇస్తామన్నాక ఓటేశారు. దీన్ని లోపంగా నేను చూడను. ప్రణాళికకు ఓట్లు కావాలి.

నిధి కోసం పదిహేనో ఆర్థిక సంఘం గ్రాంట్లు చూపించాం. 2021–26 కాలానికి పది లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాలకు వచ్చే గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుధ్యాలకే కట్టేసిన డబ్బు. అందులో సగం నీటి పనులకు. ఆ డబ్బుతో కొత్త ట్యాంకే కట్టాలని ఎక్కడా లేదు, పాత పైపు మార్చొచ్చు. కాకపోతే కొత్త ట్యాంకుకు శంకుస్థాపన ఫలకం ఉంటుంది. మార్చిన పైపు మీద మట్టి తప్ప ఏముంటుంది? ఏఈ దీనికో ఉపాయం చెప్పాడు. పైపు మార్చిన వీధి మొదట్లో పని వివరాలతో, చైర్‌పర్సన్, వార్డు కౌన్సిలర్ పేర్లతో బోర్డు పెట్టారు. చిల్లర విషయంలా కనపడొచ్చు గానీ, డ్రెయిన్ దాటే పైపు పని ఆ ఏడాదే టెండరుకు వెళ్లింది.

ఆ పనిలో ఏం చేశారంటే, కాలవ అడుగునున్న లైను తీసేసి, కాలవకు పైన, మురుగుకు ఆనకుండా, కేసింగ్‌లో (రక్షణగా ఉండే బయటి గొట్టంలో) కొత్త డీఐ పైపు దాటించారు. ఇంటి కనెక్షన్లు కాలవలోంచి తీసి హెచ్‌డీపీఈతో పైకి మార్చారు. ఖర్చు ఇంటివాళ్ల మీద వేద్దామని ఆఫీసులో కొందరన్నారు. వేస్తే సగం మంది మార్చుకోరు, మార్చుకోని ఆ సగం వల్ల మిగతావాళ్లకూ ముప్పు తప్పదు. మున్సిపాలిటీయే భరించింది.

మోటారు కూడా మారింది. నీటి చార్జీల సవరణ మాత్రం కౌన్సిల్ వాయిదా వేసింది. పెంచకుండా ఏటా కిలోమీటరు పైపు ఎక్కడి నుంచి వస్తుందో ప్లాన్‌లో ఇప్పటికీ జవాబు లేదు. గ్రాంటు వచ్చిన ఏడాది ముందుకు జరుగుతుంది, రాని ఏడాది ఆగుతుంది. ట్యాంకుల దగ్గర, బయటికెళ్లే నీటినంతా కొలిచే బల్క్ మీటర్లు లేవు కాబట్టి ఎంత నీరు పోతోందో అంచనాయే తప్ప లెక్క లేదు. వచ్చే బడ్జెట్‌లో మొదట అడగబోయేది అవే.

వాల్వ్‌మ్యాన్ రిటైరయ్యాడు. ఆయన స్థానంలో అవుట్‌సోర్సింగ్ మీద వచ్చిన కుర్రాడు ఫోన్‌లో షీటు తెరుచుకుని నీళ్లు వదులుతున్నాడు. షీటుకు, నేలకు తేడా కనపడిన చోట ఫొటో తీసి ఎమినిటీస్ సెక్రటరీకి పంపాలి. వారానికోసారి ఏఈ వాటిని సరిచేయాలి. ఏఈ బదిలీ అయితే చార్జ్ అప్పగింత జాబితాలో ఎం.బుక్కులతో పాటు ఈ షీటు కూడా ఉండాలని ఇంకో ఆఫీస్ ఆర్డర్ రాయించాం. పక్క మున్సిపాలిటీ వాళ్లు ఫారాలు అడిగి తీసుకెళ్లారు. ముందు బిల్లుల నియమం పెట్టండి, సర్వే తర్వాత చూద్దాం అని చెప్పి పంపాను.